నీళ్ళు వెళ్ళిపోయిన పూట

ఈ తీరానికి పేరేమిటని అడిగాను.
యోసినా వెంటనే చెప్పలేదు.
ఎంబల్ రొట్టె అంచు విరిచి, టీలో ముంచి,
మెత్తబడేదాకా ఆగి,
"ఎవరు అడుగుతున్నారో దాన్నిబట్టి" అంది.

నా దగ్గర ఒక పటం ఉంది.
అందులో కేయీ దీవులు
ఎవరో బువ్వ తింటూ రాల్చిన మెతుకులు.
ఈ మెతుకు పక్కన అక్షరమైనా లేదు.
వారానికి ఒక్క పడవ.
మొన్నటి పడవలో నేను, రెండు సిమెంటు బస్తాలు,
కాళ్ళు కట్టేసిన పుంజు.
దిగేసరికి కడుపులో తిప్పనివి
బస్తాలు మాత్రమే.

అక్టోబరు. మేతి రోజులు.
పొద్దున్న లేచేసరికి సముద్రం లేదు.
నిజంగా లేదు.
ఉండాల్సిన చోట తడి ఇసుక, ఇంకా తడి ఇసుక,
ఆ చివరెక్కడో ఆరేసి మరిచిన పంచె అంచులా
ఒక తెల్లగీత.
పడవలన్నీ పక్కకి ఒరిగి పడుకున్నాయి,
పెళ్ళిభోజనం చేసొచ్చిన మగవాళ్ళలాగా.

ఊరంతా సముద్రం అడుక్కి నడిచింది.
బుట్టలు, కత్తులు, చంకన పిల్లలు,
ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి బడి మాస్టారు.
నేను యోసినా వెనకాల,
ఆమె అడుగు తీసిన చోటే నా అడుగు.

ఇసుక కాదు అది,
మూడుసార్లు జల్లించిన బియ్యప్పిండి.
వంగి చిటికెడు తీసుకుని
ముగ్గు వెయ్యబోయి ఆగాను.
పీతలు అప్పటికే వేసేశాయి,
చిన్న చిన్న ఇసుక ఉండలతో,
చుక్క తప్పకుండా.

నేను అడగడం మానేశాక
ఆమె చెప్పడం మొదలుపెట్టింది.
ఇది మా పెదనాన్న పడవ విరిగిన చోటు.
ఆ వంపు, తాబేలు ఏడ్చింది.
(తాబేలు ఏడుస్తుందా?
చూశాను, అంది.)
అదిగో, ఆ నల్లరాయి దగ్గర, పిలిస్తే పలకొద్దు.
పలికితే?
పలికినవాళ్ళు వచ్చి చెప్పలేదు.
పటం మీద పెన్సిలు ఆన్చాను.
ఇంతింత పేర్లు రాయడానికి
అక్కడ అంత నీలం లేదు.

రాయి దాటాక ఇంకో వంపు. వంపు మొదట్లో ఒక కర్ర.
కర్రకి ముడేసిన కొబ్బరాకు.
కట్టిన్నాడు లేతదే అయ్యుంటుంది,
ఇప్పుడు గాలికి గరగరమంటోంది.
కంచె లేదు, కాపలా లేదు.
"హవెయార్" అంది యోసినా.
ఎత్తిన పాదం ఎత్తినట్టే వెనక్కి దించింది.

అవతల,
ఒక్క అడుగుజాడ లేని తెల్లటి తీరం.
రెండు రాత్రులు పడవలో దొర్లింది
దీనికోసమే.
"ఎవరూ చూడట్లేదుగా" అన్నాను.
ఆ మాట ఇసుక మీద పడి
పడ్డచోటే ఉండిపోయింది.
తీసుకుపోవడానికి అలైనా లేదు.

ఆమెకి కోపం రాలేదు.
"శంఖాలు పెరగాలని రెండేళ్ళకిందట కట్టారు.
కట్టింది మా ఆయనే.
ఈ ఏడు విప్పాలి.
విప్పాల్సిన మనిషి ఆగస్టులో పోయాడు."

మరి ఇంకెవరు విప్పుతారు?

"ఊరు కూర్చుని మాట్లాడుకోవాలి.
ఇంకా కూర్చోలేదు."

అని, కర్ర దగ్గరికి వెళ్ళి
వదులైన ముడిని
ఒక కొస పళ్ళతో పట్టి
బిగించింది.
విరిగిన ఆకుముక్క ఒకటి పెదవికి అంటుకుంటే
తుడుచుకోలేదు.

అప్పుడు చీలమండల దగ్గర చల్లగా ఏదో.
అల కాదు, అలకి చప్పుడుంటుంది.
చాప కింద నీరు అని ఎన్నిసార్లు అన్నానో గాని
చూడ్డం ఇదే మొదలు.
పీతల ముగ్గు కరిగిపోతోంది.
"నడు" అంది.

బుట్ట నేను పట్టుకున్నాను.
అందులో రెండు గవ్వలు, ఒక ఆక్టోపస్,
దేనికీ పనికిరాని నా పటం.
దూరంగా ఊళ్ళో
నాతో వచ్చిన పుంజు కాబోలు
వేళకాని వేళ కూస్తోంది.
మోకాళ్ళదాకా వచ్చేశాయి నీళ్ళు.

నల్లరాయి దగ్గర
వెనకనుంచి ఎవరో పిలిచినట్టయింది.
నన్ను కాదు.
నేను తల తిప్పలేదు.

యోసినా మాత్రం
ఒక్క క్షణం
ఆగింది.