తరుగు

నర్సంపేట బడి, ఏడో తరగతి, రెండో పీరియడ్.
నౌషీన్ మేడం హన్మకొండ నుంచి తెచ్చిన పెట్టె తెరిచింది.
ఎనిమిది నల్లటోపీలు,
టోపీ నిండా బొత్తాలంత దీపాలు.

"తలకు నూనె వద్దని చెప్పినం గద సార్?"
చెప్పినం. తల్లులు వినలే.
ఆరుగురి నెత్తులు నిగనిగ మెరుస్తున్నయి.
రిబ్బన్లిప్పి, జడలిప్పి
ఆమె పాయ పాయ తీసి చర్మం వెతుకుతుంటే
మా అమ్మ పేలు చూసిన ఎండపొద్దు యాదికొచ్చింది.

వెలుతురు ఎముక దాటి లోపలికి పోతదట.
నెత్తురు ఎక్కడ ఉరికితే
అక్కడ ఆలోచన కాలు మోపినట్టట.
ఇరవై రెండేండ్ల సంది
పెన్సిల్ కొరుకుడు చూసి, కండ్లు చూసి
నేను అంచనా కట్టిన దాన్ని
ఈ పిల్ల గీత గీసి చూపిస్తదట.
పరీక్ష ఎవరికో అర్థంగాక
సుద్దముక్క రెండుసార్లు జారింది.

శాతాలు చెప్పిన.
నూటితో గుణించు, మొత్తంతో భాగించు.
తెర మీద ఎనిమిది గీతలు
ఎండకాలం వాగోలె పండుకున్నయి.

టోపీ దక్కలేదని అలిగిన తిరుమలేశు
ఎనక బెంచీ నుంచి వంగి
గుగులోత్ ప్రవళిక చెవుల గొణిగిండు:
"ఎనుమాముల్ల మీ నాయిన మిర్చికి
తరుగు తీసిండ్రు సూడు. గదే."

ప్రవళిక తలూపింది.
ఒక్కసారి గాదు,
టోపీ జారి కనుబొమ్మల మీద పడేదాక.
గీత ఎగిరి తెర అంచును తాకింది.

మధ్యాహ్నం స్టాఫ్ రూముల
నౌషీన్ ఆ ముక్కను వేలితో చూపింది.
"ఇది లెక్కకు రాదు సార్.
తల కదిలితే దీపం కదుల్తది.
ఇది మెదడు గాదు, మెడ."
ఆమె తప్పు లేదు.
తెల్వనిదాన్ని తెలుసనకపోవుడే ఆమె చదువు.
పదకొండు సెకండ్లు.
మౌస్ ఒక్కసారి టిక్కుమన్నది.
తరుగు కింద పోయినయి.

పొద్దుగూకినంక నోటుబుక్కులు దిద్దుతుంటే
నేనియ్యని లెక్క ఒకటి దొరికింది.
పదిహేడు బస్తాలు. బస్తా నలభై కిలోలు.
బస్తాకు రెండు కిలోల తరుగు.
మొత్తం ముప్పై నాలుగు. నూటికి ఐదు.
దాని కింద, కాగితం చినిగేటంత ఒత్తి
"ఎందుకు?"

పేజీ మూలకు కొబ్బరినూనె వేలిముద్ర.
ఎర్రపెన్నుతో టిక్కు పెట్టబోయి ఆగిన.
లెక్క కరెక్టే.
అడిగింది నన్ను గాదు.