ఏడున్నర పాయింట్లు

షట్టరు దించేసిన రోజు
అన్నీ తూకానికి పోయాయి.
ప్రింటరు, ట్యూబులైటు చట్రాలు, నమూనా శుభలేఖల ఆల్బం.
ఈ పెట్టెను మాత్రం ఆటోలో ఒళ్లో పెట్టుకుని
నారాయణగూడ నుంచి నల్లకుంట దాకా తెచ్చుకున్నాను.
పదిహేడేళ్లు దీని ముందే కూర్చున్నాను,
మెడ దీనివైపే వంగి గట్టిపడింది.

టోనర్లు నింపే మునీర్ వచ్చి
మూత విప్పి, దుమ్ము ఊది,
"గిది ఇంకా సావలే అంకుల్,
మీదున్న బరువే ఎక్కువైంది" అన్నాడు.
ఆ మధ్యాహ్నమే కిటికీలన్నీ పీకేశాడు.
బొమ్మల్లేవు, బాణం గుర్తు లేదు.
నల్ల తెర మీద తెల్లటి చిన్న గీత
ఆరుతూ వెలుగుతూ
ఏం కావాలో నన్నే అడుగుతోంది.

ఎంతివ్వాలంటే నవ్వాడు.
దీన్ని రాసినవాళ్లెవరో వాడికీ తెలీదట.
పగలు నౌకరీ చేసుకుని రాత్రిళ్లు రాసి
తలుపు తీసిపెట్టి వెళ్లిపోతారట.
మే నెల చలివేంద్రం గుర్తొచ్చింది.
అక్కడ గ్లాసుకు గొలుసుంటుంది,
ఇక్కడ అదీ లేదు.

మొదటి పాట నత్తిగా వచ్చింది.
టక్, టక్, మధ్యలో ఊపిరందని ఖాళీ.
మునీర్ ఏదో అంకెను రెట్టింపు చేశాడు, ఇంకేదో ఆపాడు.
"పాట తప్ప ఇంకో పని చెప్పకు దీనికి."
వైరు చివర అగ్గిపెట్టెంత డ్యాక్,
సీటీసీలో బేరమాడి పదహారొందలకు కొన్నది,
నీలంగా వెలిగింది: నూట తొంభై రెండు.

నాకు నవ్వొచ్చింది.
కోఠీ చెవుల దవాఖానాలో
గాజుగదిలో కూర్చోబెట్టి తీసిన గ్రాఫులో
నాలుగు వేలు దాటగానే నా గీత
నౌబత్ పహాడ్ దిగినట్టు దిగిపోయింది.
ఆ పైనున్నదంతా ఎవరికోసమో.
కింది వాటా కుక్క చెవులు నిక్కించింది,
దానికే అనుకుందాం.

విద్యానగర్ పట్టాల పక్క గదిలో
తాయారమ్మ టీచరు వీణ,
శిష్యుడెవరో మంచి మైకు పెట్టి పట్టాడు.
ఇన్నాళ్లూ ఫోన్లో విన్నదే.
కానీ తీగను తాకే ముందు
గాజులు మోచేతి వైపు జరుపుకున్న చప్పుడు
ఇందులో ఎప్పుడుంది?
మూడో నిమిషంలో ఆమెకే తెలియని కూనిరాగం?
ఎంఎంటీఎస్ వస్తోంటే ఆమె ఆపలేదు,
రైలు దాటేదాకా ఒకే స్వరాన్ని
మళ్లీ మళ్లీ మీటుతూ దారిచ్చింది.

ఫైలు చిన్నది చెయ్యాలంటే ఇవన్నీ తీసేస్తారన్నాడు మునీర్.
ఎవరూ గమనించరని.

ఆ మాట నాకు తెలుసు.
శుభలేఖ అడుగున పేర్లు పట్టనప్పుడు
నేనే అన్నాను, ఎన్నిసార్లో.
మూడో లైను లేపేద్దాం సార్, ఎవరూ గమనించరు,
'మరియు బంధుమిత్రులు' అంటే అందరూ వచ్చేస్తారు.
ఒక మాఘమాసం మధ్యాహ్నం
కొంగుముడిలోంచి మడతలు పడ్డ కార్డు తీసింది ఒకామె.
చదువు రాదు, ఎవరితోనో చదివించుకుంది.
"పిల్లకు మేనత్తను. ఆదెమ్మ అంటరు నన్ను.
ఇండ్ల నేను ఏడున్న బిడ్డా?"
బంగారు రంగు అక్షరాల మీద
వేలు పెట్టి వెతుకుతోంది.
అక్షరాన్ని ఏడున్నర పాయింట్లకు తగ్గించి ఉంటే
పట్టేది.

వీణ ఆగింది.
ఫైలు ఆగలేదు.
పదకొండు సెకన్లు గది ఒక్కటే వినిపించింది:
గోడలు, చాప, ఎవరో చెంబు కింద పెట్టడం.
మునీర్ తర్వాతి దానికి వేలు చాచాడు.
ఉండనీ, అన్నాను.

వాడు వెళ్లాక
పెట్టెలో పాత ఫ్యాను గరగరమంటోంది.
నల్ల తెర మీద ఆ గీత ఇంకా అడుగుతోంది.
ఇంగ్లీషు అక్షరాల్లో ఆదెమ్మ అని కొట్టాను.
అలాంటిదేదీ దొరకలేదంది.
మళ్లీ కొట్టాను.