అప్పగింత కాగితం

కేర్తూ,
సోమవారం నుంచి ఈ కుర్చీ నీది.
కుడిపక్క మీట నొక్కితే కిందికి దిగుతుంది,
పైకి లేవడానికే కాస్త మొరాయిస్తుంది.
పాస్‌వర్డులు ఊనోకి తెలుసు, లెక్కలు ఫైల్లో ఉన్నాయి.
ఫైల్లోకి ఎక్కనిది ఒకటుంది,
దానికోసమే ఈ కాగితం.

ఆరేళ్ళ కిందటి ఫిబ్రవరి.
తాలిన్ రేవు అంచున సముద్రం గడ్డకట్టిన రాత్రి
రెండుంపావుకి టికెట్ల సర్వర్ పడిపోయింది.
హెల్సింకీ ఓడెక్కాల్సిన లారీలు నలభై మూడు
మూసిన గేటు ముందు
ఇంజన్లు ఆపకుండా పొగ కక్కుతున్నాయి.
ఒకదాంట్లో చేపలు.
ఒకదాంట్లో, పధ్నాలుగో తారీకు కోసం, తులిప్ పూలు.

తానెల్ అప్పటికే మెషీన్ ముందున్నాడు.
ఇరవై నాలుగేళ్ళు, తొమ్మిది నెలల ఉద్యోగం.
చెరపకూడని పట్టికని చెరిపింది అతని వేళ్ళే.
"ఎక్కడ తెగిందో దొరికింది,
ఇంకో ఇరవై నిమిషాలు" అన్నాడు.

నేను "జరుగు" అన్నాను.

ఒక్క మాటే. గొంతు కూడా పెంచలేదు.
అతని కుర్చీలో కూర్చుని
అతని వేళ్ళ వేడి ఆరని కీబోర్డు మీద
పదకొండు నిమిషాల్లో బాగుచేసేశాను.
చెయ్యి తిరిగినదాన్ని కదా.

గేటు లేచింది. లారీలు కదిలాయి.
పైవాళ్ళు నాకు కేకు పంపారు,
దానిమీద నీలం క్రీముతో ఓడ బొమ్మ.
నేనే కోసి అందరికీ పంచాను.
తానెల్ తన ముక్కని కాగితంలో చుట్టుకుని
ఇంటికి తీసుకెళ్తానన్నాడు.
సాయంత్రం అది చెత్తబుట్టలో కనిపించింది.

ఆ తర్వాత అతను ఏ తప్పూ చెయ్యలేదు.
దాన్ని నేను ఎదుగుదల అనుకున్నాను, చూడు!
మీటింగులో ప్రతిదానికీ "ఎందుకు?" అనేవాడు
తలూపడం మొదలుపెట్టాడు.
సర్వర్ ఆగితే ఎర్రదీపం వెలుగుతుంది,
మనిషి ఆగిపోతే మన గదుల్లో ఏ దీపమూ వెలగదు.
మే నెలలో, బర్చ్ చెట్లు చిగురేసిన వారం
రాజీనామా తెచ్చిచ్చాడు.
రెండు వాక్యాలు. ఒక్క అచ్చుతప్పు లేదు.

అప్పట్నుంచి, ఏది కుప్పకూలినా
ముందు చేతులు రెండూ కోటు జేబుల్లో దోపుకుంటాను.
సులువనుకోకు.
పిల్ల సైకిలు సీటు వదిలేసిన అరచేతిలో ఉంటుందే,
ఆ దురద.
టీ పెడతాను. పైనుంచి వచ్చే ఫోన్లు నేనెత్తుతాను.
"ఎవరు చేశారు?" అంటే
"అనుమతి నాది" అంటాను.
గుమ్మడికాయల దొంగ అనగానే
అందరూ భుజాలు తడుముకునే గదిలో
ముందుగా తడుముకోవాల్సిన భుజం మనదే.

ఇంకోటి. ఊనో.
ఇరవయ్యేళ్ళ సిస్టమ్ అంతా అతని తలకాయలో ఉంది,
ఎవరికీ రాసివ్వడు, అడిగితే నవ్వుతాడు.
పోట్లాడకు.
జూలైలో నాలుగు వారాలు సారెమా దీవికి పంపించు,
ఫోను నీ సొరుగులో పెట్టించి.
ఏవేవో విరుగుతాయి. విరగనీ.
ఏది ఎక్కడ విరుగుతుందో
అందరూ రాసుకుంటారు.

పోయిన అక్టోబరులో, స్టేషను పక్క బజార్లో
తానెల్ కనిపించాడు.
పొగపెట్టిన చేపలు కొంటున్నాడు.
వర్షం గురించి మాట్లాడాడు, మర్యాదగా.
టార్టులో తొమ్మిదిమందిని నడిపిస్తున్నాడట.
చెప్పాల్సిన మాట నా నాలుక చివరిదాకా వచ్చింది,
ఈలోగా అతని ట్రామ్ కూడా వచ్చింది.

అతనడిగింది ఇరవై, నాకు పట్టింది పదకొండు.
ఆ రాత్రి నేను మిగిల్చిన తొమ్మిది నిమిషాలు
ఇంకా నా దగ్గరే ఉన్నాయి, ఖర్చు కాకుండా.
అవి కూడా నీకే అప్పగిస్తున్నాను.
నీ ముందు ఎవరో చెమట పట్టిన మొహంతో
"ఇంకొంచెంసేపు" అన్నప్పుడు ఇచ్చెయ్.

తొమ్మిది నిమిషాలకి తులిప్ పూలు వాడిపోవు.

టీ డబ్బా పై అరలో ఉంది. మూత బిగుసుకుపోయింది,
ఊనోని తియ్యమను.