పళ్ళతో వినేవాడు

పెరంబూరులో ఆదివారం ఆరున్నరకే
మా పద్మిని బానెట్టు నోరు తెరుస్తుంది.
నాకంటే నాలుగేళ్ళు చిన్నది, సీసా ఆకుపచ్చ.
స్టార్టు చేస్తే చాలు
టక్ టక్ టక్ టక్
పై అంతస్తులో ఎవరో తీరిగ్గా వక్కలు దంచుతున్నట్టు.

"టప్పెట్లు" అన్నాడు సగాయరాజ్
గేటు ఇంకా పూర్తిగా దాటకుండానే.
"టైమింగు చైను" అంది డాక్టరు తిలకవతి.
వీధి వీధంతా పళ్ళు పీకే మనిషి.
తన జెన్‌కి తనే టర్బో బిగించుకుని
రెడ్‌హిల్స్ దాకా వెళ్ళి, లారీ ఎక్కించుకుని తిరిగొచ్చింది.
"వెళ్ళేటప్పుడు చూడాల్సింది మీరు" అంటుంది ఇప్పటికీ.

ఇమ్తియాజ్ ఏమీ అనడు, నవ్వుతాడు.
పుదుప్పేట సందుల్లో వాడు పలకరించని తుప్పు లేదు.
నిరుడు నా కార్బరేటరు పీకి జీపుది పెట్టాడు.
అప్పట్నించి నా బండి పెట్రోలు
విడిదింట్లో మగపెళ్ళివారు కాఫీ అడిగినట్టు అడుగుతోంది.
"తాగితే తాగింది, పరిగెత్తిందా లేదా?"

మూత విప్పాం.
ఫీలర్ గేజీ కనపడలేదు.
సగాయరాజ్ పర్సులోంచి షేవింగు బ్లేడు తీశాడు.
"మా నాన్న దీంతోనే చేసేవాడు."
"గడ్డమా, టప్పెట్లా?"
"ఏది ముందొస్తే అది."
డిప్‌స్టిక్కు తుడిచిన తువ్వాలుతోనే ఎవరో మొహం తుడుచుకున్నారు.
ఆ తువ్వాలు కోసమే
పైన మా ఆవిడ అల్మారా అంతా దులుపుతోంది.

రెండు గంటలు.
కొండ మొత్తం తవ్వేశాం.
ఎలుక మాత్రం లోపల
టక్ టక్ టక్ టక్.

అప్పుడు లేచాడు మెట్ల మీంచి
పేపరు మడిచి చంకలో పెట్టుకుని
ఓబులేసు పెదనాన్న.
కోచ్ ఫ్యాక్టరీ రేకుల షాపులో
ముప్పై మూడేళ్ళు సుత్తుల కింద నిలబడితే
చెవులు రెండూ అక్కడే జమ చేసుకుని
పెన్షను మాత్రం చేతికిచ్చి పంపారు.
మా వెటకారాలేవీ ఆయనకి అందవు.
పెదాలు చూసి నవ్వుతాడు.

పొడుగు స్క్రూడ్రైవరు అడిగాడు.
పిడిని పళ్ళ మధ్య కరిచిపట్టి
ఫ్యాను వైపు పోకుండా లుంగీ ఒక చేత్తో పట్టుకుని
తిరుగుతున్న ఇంజను మీదికి వంగాడు.
ఒకటో సిలిండరు. తల అడ్డంగా.
రెండు. అడ్డంగానే.
మూడు దగ్గర కాస్త ఆగాడు
మాకు ఊపిరాడలేదు
నాలుగు. ఊహూ.
మొన జరుపుకుంటూ జరుపుకుంటూ
పక్కకి, ఇంకా కిందికి
పెట్రోలు పంపు మీద ఆనించగానే
కళ్ళు మూసుకున్నాడు,
సెంట్రల్ స్టేషను రద్దీలో
ఎవరో తనని పేరు పెట్టి పిలిచినట్టు.

"ఇదే. దీని చెయ్యి ఆడుతోంది."

అందరం ఇమ్తియాజ్ వైపు తిరిగాం.
ఆ పంపు పుదుప్పేటలో నూటనలభైకి తెచ్చింది వాడు.
కొత్తదానికన్నా గట్టిదని ఒట్టేసింది వాడు.
విప్పి చూస్తే ప్యాకింగు ఉండాల్సిన చోట
కత్తిరించిన క్యాలెండరు అట్ట,
ఇంకా సగం కనిపిస్తున్న అమావాస్య.
ఇమ్తియాజ్ ఆకాశంలోకి చూశాడు.
అక్కడ మెట్రో వాళ్ళ క్రేను తప్ప ఏమీ లేదు.
"మంచి క్యాలెండరే" అన్నాడు కాసేపటికి.

ఈలోగా తిలకవతి
పెదనాన్న గడ్డం పట్టుకుని నోట్లోకి సెల్‌ఫోను లైటు కొట్టింది.
పైవరస ఆమె కట్టిందే. కింద కుడివైపూ ఆమె కట్టిందే.
కట్టుడు పళ్ళకి ఇంజను వినపడదట.
ఎడమ దవడన మిగిలిన ఒక్కటే సొంతం,
అదీ కదులుతోంది.
మూడు నెలలుగా పీకించుకోమంటోంది.
ఆయన వినడు,
ఈ ఒక్క మాట నిజంగానే వినడు.

చెయ్యి కడుక్కొచ్చి
వేలితో ఆ పన్నుని మెల్లగా ఇటూ అటూ ఆడించింది.
బ్లేడంత సందు.
ఇంజను ఆపాం.
సగాయరాజ్ కూడా నోరు మూసుకున్నాడు.

"ఇంకో అయిదు వేల కిలోమీటర్లు పోతుందిలే" అంది.

ఆమె పెదాలే చూస్తున్న పెదనాన్న
మా అందరికన్నా ముందే నవ్వాడు.