శబ్దం లేని అక్షరం

సీసపు అక్షరాలు పేర్చే చేతులు నావి.
తోత్మా పట్టణం, జిల్లా పత్రిక, నాలుగో పేజీ అడుగున
తప్పిపోయిన ఆవు, అమ్మకానికి కుట్టుమిషను,
వాటి పక్కనే
తండ్రుల్ని కాదనుకున్న బిడ్డల ప్రకటనలు.
వరుసకి ఇన్ని కోపెక్కులని రేటు.

అన్నిట్లోనూ ఒకటే క్రియ: అత్రెకాయుస్.
ఎడంగా జరుగుతూ పలకడమని
దాని ఎముకల్లో ఉన్న అర్థం.
గొడ్డలి అక్కర్లేదు, నోరు చాలు.
చివర "నన్ను నేను" అనే మాట ఉండాలి,
అరిగి అరిగి రెండక్షరాలై మిగిలింది.
అందులో ఒకదానికి శబ్దమే లేదు,
ముందున్న హల్లుని కాస్త మెత్తబరిచి ఊరుకుంటుంది.
ఆ చలికాలం నా పెట్టె గళ్లలో
అందరికంటే ముందు నిండుకున్నది ఆ మూగదే.

ఇంకోటి గమనించాను, చెప్పుకోడానికి మనిషి దొరకలేదు.
"కాదనేశాను" అని ఎవరూ రాయరు.
"కాదంటున్నాను" అంటారు.
అయిపోయిన పనిగా ఎవరూ అప్పజెప్పరు,
ఇవాళ అంటున్నాను, రేపూ అంటూనే ఉంటాను,
ఈ కాగితం చేపలు చుట్టడానికి పోయాక కూడా.

మార్చిలో వెనియమీన్ వచ్చాడు,
డీకన్ జొసీమా కొడుకు, పదిహేడేళ్లు.
టోపీ తియ్యకుండా కాగితం బల్లమీద పెట్టి
"పడవల బడిలో సీటు కావాలంటే..." అని ఆగాడు.
తెలుసులే, అన్నాను.

నేను, ఫలానా, మతసేవకుడైన నా తండ్రిని...
ఆ తర్వాత క్రియ తప్పు.
తప్పు కాదు, పాతది. అత్రిత్సాయుస్యా.
చర్చి బయట ఎవరి నోటా వినపడని రూపం.
జ్ఞానస్నానం నాడు పడమటికి తిరిగి
సైతాన్ని మూడుసార్లు కాదనే మాట.
పసివాడికి మాట రాదు గనక
ఎత్తుకున్న జ్ఞానతల్లి అనాలి.
వీణ్ణి ఎత్తుకున్నది నేనే.
మూడుసార్లు అన్నాను, ఊదాను, ఉమ్మాను,
భుజమ్మీద వాడు పాలు కక్కాడు.

ఈ కుర్రాడికి ఆ రూపం రాదు.
అక్షరాలకి తోకలు తిప్పే ఆ చేతిరాత నాకు తెలుసు,
ఊళ్లో పుట్టుకలన్నీ ఇరవై ఏళ్లు ఆ చేతే ఎక్కించింది.
తనని కాదనే కాగితం తానే రాసిచ్చాడు,
దయ్యాన్ని కాదనే క్రియతో.
అలవాటున పడిందో, తెలిసే వేశాడో.

"తప్పులున్నాయా పిన్నీ?"
"లేవు."
"ఉండవు," అన్నాడు, కిటికీ వైపు చూస్తూ.

అలాగే వదిలేస్తే సంపాదకుడు పట్టుకుంటాడు.
వాడు బయటికి వెళ్లేదాకా ఆగి
పెన్సిలుతో కొట్టేసి, కొత్త రూపం పేర్చాను,
అద్దంలోలా కుడి నుంచి ఎడమకి.
అప్పుడు కనపడింది, ఇన్ని నెలలూ కనపడనిది:
ఆ మాట నడుమ నాలుగక్షరాలు వరసగా
నది.
బయట సుఖోనా ఇంకా గడ్డకట్టే ఉంది.

చివరి మూగ అక్షరానికి గడి తడిమాను, ఖాళీ.
సహకార దుకాణం ప్రకటనలో
ఉప్పు అనే మాట చివరి నుంచి ఒకటి పీకి
వాడి మాటకి పెట్టాను.

వాడి ప్రకటన గురించి ఎవరూ ఏమీ అనలేదు.
ఉప్పు తప్పుగా అచ్చయినందుకు మాత్రం
నా జీతంలో రెండు రూబుళ్లు కోశారు.