తాడు ఖరీదు

గుణుపురం కచేరీ వెనకగదిలో
పాత కాగితాలకి నంబర్లు వేసే పని నాది.
ఇంట్లో తెలుగు, బల్ల దగ్గర ఒడియా,
సంతలో అల్లం బేరానికి నాలుగు సవర మాటలు.
వంశధార ఉబ్బిన రోజుల్లో
ఆ గది గోడలకి కూడా చెమట పడుతుంది.

అలాంటి రోజునే దొరికాడు కట్టలో
తాలసింగి దాశరథి బిస్సోయి.
తండ్రి పైకు, తల్లి సవరపిల్ల.
రెండు వానాకాలాలు కొండ దిగకుండా పోరాడి
మూడో ఏడు, ఉప్పు అయిపోయి, దిగాడు.

ఉరేస్తారనే అనుకున్నారందరూ.
సంతబయల్లో గుంజలు పాతారు కూడా.
లెక్క ఉంది: సాలగుంజలు రెండు, తాడు ఒకటి,
వెరసి పదకొండణాలు.
దాని మీద అడ్డంగా ఎర్రసిరా గీత.
గీత కింద కొత్త పద్దు:
ఖైదీకి నెలకి ముప్పై రూపాయలు,
వంటమనిషి, ఇద్దరు జవాన్లు,
దీపానికి ఆముదం.
బతికున్నంత కాలం.

పదకొండణాలతో పోయేదానికి ఇంత ఖర్చెందుకని
పైవాళ్ళు అడిగే ఉంటారు.
దొర రాసిన జవాబుని
గుమాస్తా వెంకటనరసు తెలుగులోకి దించుకున్నాడు,
ఎందుకో మరి, ఎవరూ అడక్కుండానే:

'ఈ కొండల్లో చచ్చినవాడికి రాయి నిలబెడతారు.
దున్నను కోసి, వాడిని పిలిచి మాట్లాడతారు.
బతికున్న బిస్సోయి ఏనాటికైనా నా మాట వినొచ్చు.
రాయి వినదు.'

దయ అనుకున్నాను మొదట.
తర్వాత భయం అనుకున్నాను.
అన్నం డబ్బా మూత తీస్తూ
వట్టి లెక్కేనేమో అనుకున్నాను.

ఆ కింద అర్జీలు, దారం కట్టి.
నా కత్తి నాకిప్పించండి, అన్నాడు మొదటి ఏడు.
ఆ అక్షరాలకి ఇంకా మీసాలున్నాయి.
తర్వాత గుర్రం సంగతి అడిగాడు.
ఇక్కడి నీళ్ళు ఉప్పన, పళ్ళు కదులుతున్నాయన్నాడు.
మధ్యలో ఎన్నేళ్ళో ఏమీ లేదు,
రాయలేదో, చెద తిందో.
జీలుగు కల్లు పంపే వీలుందా,
దారిలో పులిసిపోయినా పర్వాలేదు.
ఆఖరుదానికి సంతకం బదులు వంకర నిశాని:
అక్కడ వాన పడుతోందా?

తాడు ఒక్క పొద్దులో చేసే పనిని
ఇరవై ఏళ్ళు కూర్చుని చేశారు.
రాజుని చంపలేదు. ముసలాణ్ణి చేశారు.
పంటినొప్పి పేరు చెప్పి
ఎవడు విల్లెక్కుపెడతాడు?

అల్లం అమ్మే లిమ్మా సబరది తాలసింగే.
బిస్సోయి తెలుసా అన్నాను.
పైసలు లెక్కపెట్టుకోవడం ఆపి చూశాడు.
మర్నాడు తీసుకెళ్ళాడు,
జీడితోట దాటి, వాళ్ళ రాళ్ళున్న చోటికి.
భుజం భుజం ఆనించుకుని నిలబడ్డాయి
తాతలూ, మేనత్తలూ, పురిట్లో పోయిన ఒక పిల్ల.
నడుమ ఒకచోట మనిషి పట్టేంత ఖాళీ.

'అది ఆయనది' అన్నాడు.
'మరి రాయేదీ?'
'పోయినట్టు కబురు రాలేదు కదా.'
అని, ఆ ఖాళీలోకి పోయిన మేకని
అదిలించాడు, మెల్లగా,
ఎవరో నిద్రపోతున్నట్టు.

కబురు నా దగ్గరుంది.
కట్టలో అట్టడుగు చీటీ:
సదరు ఖైదీ కాలం చేసినందున
నేటి నుంచి ఆముదం నిలుపుదల చేయడమైనది.
ఊరి పేరు రాసిన మూల చెదలు పోయింది.
తేదీ మాత్రం మిగిలింది.

చెబితే ఒక దున్న, ఒక రాయి,
ఒక రాత్రి డప్పులు. అంతే, వరసలో కలిసిపోతాడు.
చెప్పకపోతే ఇంకా ఎక్కడో
వాన గురించి అడుగుతూనే ఉంటాడు.

చీటీకి నంబరు వేశాను.
మళ్ళీ సంత వచ్చింది.
లిమ్మా అల్లం తూచి, మట్టి దులిపి,
ఒక కొమ్ము కొసరు వేశాడు.
నా నోట్లో మాట
ఇంకా నానుతోంది.