కొసరు

ఎనిమిది స్క్రూలు కావాలి నాకు.
ఎనిమిదంటే ఎనిమిదే.
బుడమేరు ఇంట్లోకొచ్చి ఆరు రోజులుండి వెళ్ళాక
చెక్క బీరువా తలుపు ఉబ్బింది, ఎండింది, వంకరపోయింది.
బందుల్లోంచి పాత స్క్రూలు
చిగుళ్ళు వదిలిన పళ్ళలా ఒక్కోటీ రాలాయి.

ముందు బెంజి సర్కిల్ దగ్గర పెద్ద షాపుకే వెళ్ళాను.
అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంది.
(దాని బందులెక్కడున్నాయో చూశాను, కనపడలేదు.)
అక్కడ మేకులు కూడా ఏసీలో కూర్చుంటాయి.
ప్లాస్టిక్ పొట్టలో పన్నెండేసి,
ప్యాకెట్టు అరవై తొమ్మిది,
రెండు కొంటే ఒకటి ఉచితం.
"విడిగా ఎనిమిది ఇవ్వవా బాబూ" అంటే
ఆ కుర్రాడు నా మొహం చూళ్ళేదు, కంప్యూటర్ని అడిగాడు.
అది కుదరదంది.
మూడు ప్యాకెట్లు, ముప్పై ఆరు స్క్రూలు.
మిగిలే ఇరవై ఎనిమిదీ
మా ఆయన నోటికి బిగించాలి, ఇంకెక్కడా ఖాళీ లేదు.

బస్సెక్కి వన్ టౌన్‌లో దిగాను.
పంజా సెంటర్ వెనక సందు,
సందులో ఇంకో సందు,
ఖాజావలి గారి కొట్టు.
గడియలు, గొళ్ళేలు, వాషర్లు, కొక్కేలు
వాటి మధ్య ఎక్కడో ఆయన.
గుమ్మం పక్కన గోనె పరిచి
ఎర్రమట్టి కుప్పలా పోసున్నాయి స్క్రూలు.
"గోడౌన్ సింగ్ నగర్లో ఉండేదమ్మా.
మునిగిన సరుకు. కిలో యాభై."

మా బీరువా మునిగిన నీళ్ళే.
అది చెబితే ధర తగ్గుతుందేమో అనిపించింది.
చెప్పలేదు. బేరానికి ఏడుపు కలపకూడదు.
"పాతికకి ఇవ్వండి. తుప్పుని కూడా తూచి అమ్ముతారా?"
"తుప్పు ఉచితమేనమ్మా, లోపలున్న ఇనుముకే డబ్బులు."
ఆయన నలభై రెండన్నాడు.
నేను రెండడుగులు సందు వైపు వేశాను,
చెప్పులు చప్పుడయ్యేలా.
ముప్పై రెండు దగ్గర ఇద్దరం ఆగాం.

కాటా ముల్లు నిలబడ్డాక
ఆయన చెయ్యి మళ్ళీ కుప్పలోకి వెళ్ళింది.
పోపులో కరివేపాకు వేసినట్టు
చూడకుండా ఓ చిటికెడు తీసి వేశాడు.
కొసరు.
నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.
పళ్ళెం అటు వైపుకి కొంచెం ఒరిగింది.

రాత్రి బకెట్లో చింతపండు పిసికి నానబెట్టాను.
ఇల్లంతా పులుసు వాసన.
మా ఆయన డ్యూటీ నుంచొచ్చి
"ఏం కూర?" అన్నాడు.
"ముప్పావంగుళం" అన్నాను.

వరదలో మూత పోయిన పోపుల పెట్టెలో సర్దాను.
ఆవాల గిన్నెలో వాషర్లు,
మెంతుల్లో అరంగుళంవి,
జీలకర్రలో తల అరిగినవి, పారేయబుద్ధి కానివి.
పక్కింటి మస్తానమ్మ స్టౌ స్టాండుకి రెండడిగింది.
ఎదురింటి పిల్లాడు సైకిల్ బెల్లుకి ఒకటి పట్టుకుపోయాడు.
సింకు కింద పైపుకి, అటక చెక్కకి,
గోడ గడియారానికి: ఇల్లంతా తిరిగి బిగించాను.
ఇన్నాళ్ళూ ఇన్ని వదులుగా ఉన్నాయా!

చివరికి బీరువా.
ఒకే పొడవు, ఒకే లావు, ఎనిమిది కావాలి.
కిలో అంతా వెతికితే ఏడే దొరికాయి.
గిన్నెలన్నీ గచ్చు మీద బోర్లించాను.
ఏడే.
అప్పుడు కనపడింది,
గచ్చు సందులో, పసుప్పచ్చగా, తుప్పెరగకుండా,
జత లేని ఇత్తడి స్క్రూ ఒకటి.
అది కిలోలోదో, కొసరులోదో.
కొసరులోదే అనుకున్నాను.

కొంచెం పొడుగు ఎక్కువ.
లోపల చీరల వైపు మొన తేలింది,
గుడ్డపీలిక చుట్టాను.
ఏడు నల్లవి, ఒకటి బంగారప్పన్నులా.
తలుపు పడుతోంది.
వేసేటప్పుడు మాత్రం
చేత్తో కొంచెం పైకెత్తాలి.